ఆఫీసు ప్రింటర్‌కు లాగిన్ ఒక్కటే చాలదు, నెట్‌వర్క్ దారులూ మూయాలి

సంపాదకులకు నమస్కారం.

కార్యాలయాల సమాచార భద్రత గురించి పత్రికల్లో చర్చ జరిగినప్పుడల్లా కంప్యూటర్లు, ఫోన్లు, ఈ-మెయిళ్లు, బ్యాంకు ఖాతాలు ప్రస్తావనకు వస్తాయి కానీ, అందరూ కలిసి వాడుకునే నెట్‌వర్క్ ప్రింటర్ ఊసు దాదాపుగా రాదు. జీతాల పట్టికలు, వైద్య పరీక్షల ఫలితాలు, ప్రశ్నపత్రాలు, టెండరు ధరలు, గుర్తింపు కార్డుల నకళ్లు, ఉద్యోగుల మీద విచారణ నివేదికలు కాగితం మీదికి వచ్చేది ఆ యంత్రం గుండానే. ప్రింట్, జిరాక్స్, స్కాన్, ఫ్యాక్స్ పనులన్నీ చేసే నేటి యంత్రంలో ప్రాసెసర్, మెమరీ, సొంత వెబ్ సర్వర్, చాలా మోడళ్లలో హార్డ్‌డిస్క్ కూడా ఉంటాయి. అంటే అది కంప్యూటరే. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేకపోతే ఊరుకోని సంస్థలు, ఈ యంత్రాన్ని పెట్టెలోంచి తీసి, కేబుల్ తగిలించి, ఒక పేజీ ప్రింట్ వస్తే చాలనుకుని వదిలేస్తున్నాయి. సంస్థల్లో నెట్‌వర్క్‌లు, ప్రింటర్లు ఏర్పాటు చేసి నిర్వహించే వృత్తిలో ఉన్నవాడిగా, వీటికి వినియోగదారుల గుర్తింపునూ ప్రవేశ నియంత్రణనూ ఎలా అమర్చాలో, ఎక్కడ లోపం జరుగుతోందో మీ పాఠకుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

చెప్పదలచుకున్న విషయం ముందే చెబుతాను. "మా ప్రింటర్‌కు పాస్‌వర్డ్ పెట్టాం" అని చెప్పే సంస్థల్లో చాలావరకు ఆ పాస్‌వర్డ్ పెట్టింది యంత్రం ముందున్న తెరకు మాత్రమే. ఉద్యోగి వెళ్లి కార్డు చూపిస్తే గానీ, అంకెలు నొక్కితే గానీ జిరాక్స్ రాదు, స్కాన్ కాదు. చూసేవారికి అంతా భద్రంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ప్రింటర్‌కు పని చేరే అసలు దారి ఆ తెర కాదు, నెట్‌వర్క్. అక్కడ సాధారణంగా 9100, 515, 631 అనే నంబర్ల పోర్టులు, అంటే నెట్‌వర్క్ నుంచి డేటా లోపలికి వచ్చే ద్వారాలు, తెరిచి ఉంటాయి. 9100 పోర్టుకు వచ్చిన డేటాను ఎవరు పంపారని అడిగే పద్ధతి అసలు ఆ విధానంలోనే లేదు. వచ్చిన బైట్లను వచ్చినట్టే ముద్రణకు ఇవ్వడం ఒక్కటే దాని పని. 515 పోర్టు మీద నడిచే ఎల్‌పీడీ అనే ముద్రణ విధానం 1990లో ఆర్ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా నమోదైంది. అది పంపినవారి పేరు తీసుకుంటుంది కానీ, ఆ పేరు నిజమో కాదో సరిచూడదు. ఈ మూడింటిలో గుర్తింపును సరిచూసే ఏర్పాటూ, డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే దారిలో ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే ఏర్పాటూ ఉన్నది 631 పోర్టు మీద నడిచే ఐపీపీ అనే ముద్రణ విధానానికి మాత్రమే, అవి కూడా నిర్వాహకుడు ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. తెరకు లాగిన్ పెట్టి 9100 పోర్టును అందరికీ వదిలేయడం, వీధి గుమ్మానికి తాళం వేసి దొడ్డి గుమ్మం బార్లా తెరిచి ఉంచడమే అవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2016 మార్చిలో అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాల ప్రింటర్ల నుంచి జాతి విద్వేషం నింపిన కరపత్రాలు వాటంతట అవే వెలువడ్డాయి. పంపిన వ్యక్తి ఏ పాస్‌వర్డునూ ఛేదించలేదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న 9100 పోర్టులను వెతికి, వాటికి ఫైల్ పంపాడంతే. 2017 ఫిబ్రవరిలో మరొకరు ఇదే పద్ధతిలో లక్షన్నరకు పైగా ప్రింటర్లకు హెచ్చరిక పత్రాలు పంపినట్టు ప్రకటించుకున్నారు. 2018 చివరలో ఒక యూట్యూబ్ ఛానెల్‌కు ప్రచారంగా దాదాపు 50,000 ప్రింటర్లలో కాగితాలు ముద్రింపజేశారు. ఈ సంఘటనల్లో పోయింది కాగితమూ, సిరా, కొంత పరువూ మాత్రమే అని తీసిపారేయడానికి లేదు. జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో 20 ప్రింటర్ మోడళ్లను పరీక్షించి, ప్రతి ఒక్కటీ ఏదో ఒక దాడికి లొంగుతోందని చూపారు. ముద్రణ ఆదేశాల భాషలైన పోస్ట్‌స్క్రిప్ట్, పీజేఎల్ ద్వారా కొన్ని యంత్రాల అమరికలను మార్చవచ్చనీ, లోపల నిల్వ ఉన్న ఫైళ్లను చదవవచ్చనీ, ఇతరులు ఇచ్చిన ప్రింట్ల నకళ్లను పట్టుకోవచ్చనీ వారి పనిలో తేలింది. ఫైల్ పంపగలిగినవాడు ఫైళ్లను తీసుకోనూ వచ్చు అన్న ఈ సంగతి, ప్రింటర్‌ను "బయటికి ఇచ్చే యంత్రం"గా మాత్రమే చూసేవారి దృష్టికి రావడం లేదు.

ఇక ఏర్పాటు విషయానికి వస్తాను. అన్నిటికంటే ముందు మార్చవలసింది నిర్వాహకుడి పాస్‌వర్డ్. నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే ఐపీ చిరునామాను బ్రౌజర్‌లో కొడితే తెరుచుకునే పేజీలో, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం సర్వసాధారణం. ఆ పాస్‌వర్డులు మోడల్ వారీగా ఎవరికైనా దొరుకుతాయి. ప్రతి యంత్రానికి వేరువేరు పాస్‌వర్డ్ పెట్టి పంపుతున్న మోడళ్లలోనూ నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. బ్రదర్ సంస్థకు చెందిన వందల మోడళ్లలో తొలి పాస్‌వర్డ్‌ను యంత్రం సీరియల్ నంబరు నుంచి లెక్కగట్టి తయారుచేస్తున్నారని, సీరియల్ నంబరు తెలిసినవారు ఆ పాస్‌వర్డ్‌ను తామూ తయారుచేసుకోవచ్చని 2025 జూన్‌లో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ వెల్లడించింది. అప్పటికే తయారైన యంత్రాలలో ఈ లోపం ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్పుతో పూర్తిగా పోదని, పాస్‌వర్డ్‌ను మార్చుకోవడమే మార్గమని తయారీదారే చెప్పవలసి వచ్చింది. అందువల్ల కొత్త యంత్రమైనా సరే, నెట్‌వర్క్ కేబుల్ తగిలించిన రోజే పొడవైన సొంత పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని యంత్రం మీద చీటీ అంటించి కాకుండా సంస్థ పాస్‌వర్డులు దాచే చోట భద్రపరచాలి.

నిర్వాహక పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదన్న సంగతీ గమనించాలి. యంత్రాల స్థితిని దూరం నుంచి చూడడానికి వాడే ఎస్ఎన్ఎంపీ పాత రూపాలైన ఒకటి, రెండో వెర్షన్లలో పాస్‌వర్డ్ స్థానంలో ఒక మాట మాత్రమే ఉంటుంది. చదవడానికి "పబ్లిక్", మార్చడానికి "ప్రైవేట్" అన్న మాటలు ఎన్నో యంత్రాలలో అలాగే ఉండిపోతాయి. ఆ మాట నెట్‌వర్క్‌లో ఏ రక్షణా లేకుండా ప్రయాణిస్తుంది. మూడో వెర్షన్‌కు మారడం, అది కుదరకపోతే కనీసం మార్చే హక్కును ఆపివేయడం తప్పనిసరి. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ వంటి రక్షణ లేని పాత దారులు తెరిచి ఉంటే మూసేయాలి. వెబ్ పేజీ ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ ద్వారానే తెరుచుకునేలా పెట్టాలి. అది కూడా నిర్వాహకుల కంప్యూటర్ల నుంచి మాత్రమే.

ఆ తర్వాత వినియోగదారుల గుర్తింపు. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, యంత్రంలోనే పేర్లు, పాస్‌వర్డులు నమోదు చేయడం. రెండు, సంస్థ ఉద్యోగుల ఖాతాలు ఉండే డైరెక్టరీకి, అంటే యాక్టివ్ డైరెక్టరీ వంటి దానికి, యంత్రాన్ని అనుసంధానించడం. పది మంది ఉన్న చోట మొదటి పద్ధతి సరిపోతుంది. అంతకు మించితే రెండోదే మేలని నా అనుభవం. కారణం ఒక్కటే: ఉద్యోగి మానేసినప్పుడు కంప్యూటర్ ఖాతాను ఆపుతారు, కానీ అయిదు ప్రింటర్లలో విడివిడిగా నమోదైన అతని పేరును తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. డైరెక్టరీకి కలిపి ఉంటే అక్కడ ఆపితే సాధారణంగా కొత్త లాగిన్లు ఇక్కడా ఆగిపోతాయి. చాలాచోట్ల కనిపించే "డిపార్ట్‌మెంట్ కోడ్" పద్ధతిని మాత్రం గుర్తింపుగా లెక్కించకూడదు. ఏ విభాగం ఎన్ని పేజీలు తీసిందో లెక్క రాయడానికి ఆ కోడ్ పుట్టింది. విభాగంలో అందరికీ తెలిసిన నాలుగంకెల సంఖ్య ఎవరు ప్రింట్ తీశారో చెప్పలేదు, ఎవరినీ ఆపలేదు.

డైరెక్టరీకి కలిపేటప్పుడు కూడా జాగ్రత్తలు ఉన్నాయి. యంత్రం డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డ్యాప్ విధానం 389 పోర్టు మీద అదనపు రక్షణ లేకుండా సాదాగా నడిస్తే, తెర మీద ఉద్యోగి కొట్టిన పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది. ఆ పాస్‌వర్డే అతని కంప్యూటర్‌కు, ఈ-మెయిల్‌కు కూడా పాస్‌వర్డ్. అందువల్ల 636 పోర్టు మీద ఎన్‌క్రిప్షన్‌తో నడిచే రూపాన్ని ఎంచుకుని, దానితోపాటు "సర్వర్ సర్టిఫికెట్‌ను సరిచూడు" అన్న గడిలో టిక్కు ఉందో లేదో చూడాలి. ఆ టిక్కు లేకపోతే యంత్రం తాను మాట్లాడుతున్నది అసలు సర్వర్‌తోనా, మధ్యలో కూర్చున్న మరొకరితోనా అన్నది పట్టించుకోదు. లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్ అనే పద్ధతి వాడితే మరో చిక్కు ఉంది. యంత్రం గడియారానికీ సర్వర్ గడియారానికీ మధ్య సాధారణంగా 5 నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. ఒక ఉదయం హఠాత్తుగా ఎవరికీ లాగిన్ కావడం లేదన్న ఫిర్యాదు వస్తే, చాలాసార్లు తప్పు పాస్‌వర్డులది కాదు, వెనకబడిన గడియారానిది. సమయాన్ని సర్వర్ నుంచి తీసుకునే ఏర్పాటు చేస్తే తీరిపోయే ఈ చిన్న సమస్యకు, విసిగిపోయిన సిబ్బంది మొత్తం లాగిన్ ఏర్పాటునే తీసేయించడం నేను చూశాను.

ఇక్కడే, అందరూ తేలికగా తీసుకునే ఒక ప్రమాదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. డైరెక్టరీలో పేర్లు వెతకడానికి యంత్రానికి ఒక ఖాతా కావాలి. దాని పేరూ పాస్‌వర్డూ యంత్రం అమరికల్లో నిల్వ ఉంటాయి. వెబ్ పేజీలో ఆ పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ చదవలేరని అనుకుంటాం. కానీ నిర్వాహక పేజీలోకి వెళ్లగలిగినవాడికి దాన్ని చదవవలసిన అవసరమే లేదు. డైరెక్టరీ సర్వర్ చిరునామా ఉన్న గడిలో తన ల్యాప్‌టాప్ చిరునామా రాసి, పక్కనే ఉన్న "కనెక్షన్ పరీక్షించు" బటన్ నొక్కితే, యంత్రమే ఆ ఖాతా పేరును, పాస్‌వర్డ్‌ను తీసుకెళ్లి అతని చేతిలో పెడుతుంది. జిరాక్స్ కంపెనీ వెర్సాలింక్ యంత్రాలలో ఇటువంటి దాడికి వీలుందని 2025 ఫిబ్రవరిలో వెల్లడైంది, దానికి సవరణా వచ్చింది. అయితే ఈ పద్ధతి ఒక్క కంపెనీకి పరిమితమైనది కాదు, చాలా ఏళ్లుగా భద్రతా పరీక్షకులకు తెలిసినదే. అమర్చడానికి వచ్చిన మెకానిక్ "ఏదో ఒక ఖాతా ఇవ్వండి" అంటే, తొందరలో సంస్థ మొత్తానికి నిర్వాహకుడైన ఖాతాను ఇచ్చేసే చోట్ల దీని పరిణామం ఎలా ఉంటుందో ఆలోచించండి. ప్రింటర్ ద్వారా మొత్తం నెట్‌వర్క్ పోతుంది. ఆ ఖాతాకు డైరెక్టరీ చదివే హక్కు తప్ప మరేదీ ఉండకూడదు. దానితో ఏ కంప్యూటర్‌లోకీ లాగిన్ కాకుండా కట్టడి చేయాలి, ప్రింటర్ల కోసం తప్ప మరెక్కడా వాడకూడదు. సర్వర్ చిరునామా మార్చినప్పుడు పాస్‌వర్డ్‌ను మళ్లీ అడిగే యంత్రమైతే మరీ మంచిది; కొనే ముందు విచారించదగిన లక్షణం ఇది.

ఇప్పుడు మొదట చెప్పిన లోపానికి తిరిగి వస్తాను, ఎందుకంటే ఎక్కువ సంస్థలు దెబ్బతినేది ఇక్కడే. లాగిన్ ఏర్పాటు ఆన్ చేసిన తర్వాత కూడా, చాలా కంపెనీల యంత్రాలలో "గుర్తింపు లేని ప్రింట్ పనులను అనుమతించు" అనే అర్థం వచ్చే అమరిక వేరుగా ఉంటుంది. పాత డ్రైవర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్లు, మొబైల్ ఫోన్లు యూజర్‌నేమ్ పంపలేవు కాబట్టి, వాటికి ఆటంకం కలగకూడదని ఈ వెసులుబాటు పెట్టారు. ఇది ఆన్‌లో ఉన్నంతకాలం తెర మీద లాగిన్ ఎంత గట్టిగా ఉన్నా, నెట్‌వర్క్ నుంచి ఎవరైనా ఏదైనా ప్రింట్ ఇవ్వవచ్చు. దాన్ని ఆపితే ఒకటి రెండు పాత సాఫ్ట్‌వేర్లు ప్రింట్ ఇవ్వలేక మొరాయిస్తాయి. అప్పుడు అవి నడిచే సర్వర్ చిరునామాకు మాత్రమే మినహాయింపు ఇవ్వాలే తప్ప అందరికీ తెరిచేయకూడదు.

ప్రింట్ సర్వర్ మీద, అంటే అందరి ప్రింట్ పనులనూ అందుకుని యంత్రానికి పంపే కంప్యూటర్ మీద, అనుమతులు పెట్టుకున్నాం కదా అని మరికొందరు అంటారు. విండోస్ ప్రింట్ సర్వర్‌లో కొత్తగా ఒక ప్రింటర్‌ను పంచుకుంటే, ముద్రించే అనుమతి మామూలుగా "ఎవ్రీవన్" అనే సమూహానికి, అంటే అందరికీ ఉంటుంది. దాన్ని తీసేసి, అవసరమైన విభాగం సమూహానికి మాత్రమే ఇవ్వడం మంచి పనే. లినక్స్ మీద కప్స్ అనే ముద్రణ సాఫ్ట్‌వేర్ వాడేవారు కూడా ఏ సమూహం ఏ ప్రింటర్‌కు పంపవచ్చో ఇలాగే నిర్ణయించవచ్చు. కానీ ఉద్యోగి తన కంప్యూటర్‌లో ఆ యంత్రం ఐపీ చిరునామాను నేరుగా చేర్చుకుంటే, సర్వర్ మీద పెట్టిన అనుమతులన్నీ పక్కకు పోతాయి. ఐపీ చిరునామా తెలుసుకోవడం కష్టమేమీ కాదు, తెర మీదనో పరీక్ష పేజీలోనో అచ్చై ఉంటుంది. అందుచేత యంత్రంలోని ఐపీ ఫిల్టర్‌లో ప్రింట్ సర్వర్ చిరునామాను, నిర్వాహకుల చిరునామాలను మాత్రమే అనుమతించి మిగతావన్నీ తిరస్కరించాలి. అప్పుడే సర్వర్ మీది అనుమతులకు విలువ వస్తుంది. వీలైతే ప్రింటర్లన్నిటినీ నెట్‌వర్క్‌లో ప్రత్యేక విభాగంలో ఉంచి, నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్ దగ్గరే ఈ కట్టడి చేయడం ఇంకా మంచిది. ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి మాత్రం ప్రింటర్‌కు ఏ పరిస్థితిలోనూ ఉండకూడదు.

సర్వర్ కూడా దానంతట అది భద్రమైనది కాదని 2021లో ప్రపంచమంతా చూసింది. ప్రింట్ పనులను వరుసలో పెట్టే విండోస్ ప్రింట్ స్పూలర్‌లో బయటపడిన, ప్రింట్‌నైట్‌మేర్ అని పేరుపడిన లోపంతో, సాధారణ ఉద్యోగి ఖాతా ఉన్నవాడు సర్వర్ మీద పూర్తి అధికారం పొందగలిగాడు. ప్రింట్లతో సంబంధం లేని సర్వర్లలో, ముఖ్యంగా డైరెక్టరీ సర్వర్లలో, స్పూలర్ సేవను ఆపివేయమని అప్పుడు ఇచ్చిన సలహా ఇప్పటికీ పాటించదగినదే. 2024 సెప్టెంబరులో కప్స్‌లోనూ తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. ఫర్మ్‌వేర్, సర్వర్ అప్‌డేట్లు ఎందుకు వాయిదా వేయకూడదో చెప్పడానికి ఈ రెండూ చాలు.

గాలిలో తెరిచి ఉండే దారిని చాలామంది మరచిపోతారు. కేబుల్‌తో కలిపిన ప్రింటర్‌లో కూడా వై-ఫై డైరెక్ట్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉండి, యంత్రం తన పేరుతో తానే ఒక వై-ఫై సంకేతాన్ని ప్రసారం చేస్తూ ఉంటుంది. దానికి పెట్టిన పాస్‌వర్డ్ ఒక్కోసారి వరస అంకెలే. ఫైర్‌వాల్ ఎంత బాగా అమర్చినా, గోడ అవతల ఉన్నవాడు ఆ సంకేతం ద్వారా నేరుగా యంత్రంలోకి రాగలడు. అవసరం లేకపోతే దాన్ని ఆపేయాలి. యంత్రం ముందున్న యూఎస్‌బీ రంధ్రం సంగతీ ఇంతే.

ఇక, గుర్తింపు పెట్టడం వల్ల సాధారణ ఉద్యోగికి ప్రత్యక్షంగా మేలు చేసే ఏర్పాటు ఒకటి ఉంది. కంప్యూటర్ నుంచి ఇచ్చిన ప్రింట్ వెంటనే ముద్రణ కాకుండా ఆగి ఉండి, ఆ వ్యక్తి యంత్రం దగ్గరికి వచ్చి తన కార్డు చూపించాకే బయటికి రావడం. ట్రేలో గంటల తరబడి పడి ఉండే జీతం కాగితాలు, ఎవరిదో కాగితం పొరపాటున మరొకరి కట్టలో కలిసి వెళ్లిపోవడం, తీసుకోవడమే మరిచిన వైద్య నివేదికలు దీనితో చాలావరకు ఆగుతాయి. నా దృష్టిలో సమాచారం బయటపడే దారుల్లో దొంగల కంటే ఈ ట్రే పెద్దది. డైరెక్టరీ లేని చిన్న కార్యాలయాలు డ్రైవర్‌లోనే ఉండే పిన్ ముద్రణను వాడుకోవచ్చు. నాలుగంకెల పిన్‌కు ఉండేవి 10,000 అవకాశాలే, పైగా ఎన్‌క్రిప్షన్ లేని దారిలో పంపితే ఆ పిన్ కూడా బహిరంగంగానే వెళ్తుంది. అయినా ఏమీ లేకపోవడం కంటే అది ఎంతో నయం. కార్డుల విషయంలో ఒక మాట. తలుపుల దగ్గర వాడే పాత తరహా 125 కిలోహెర్ట్జ్ కార్డులు తమ నంబరును అడిగిన ప్రతి రీడర్‌కూ చెప్పేస్తాయి. వాటి నకలు చేయడం సులువు. రహస్య పత్రాలు ముద్రించే యంత్రం దగ్గర కార్డుతోపాటు పిన్ కూడా అడిగేలా పెట్టాలి. ఆగి ఉన్న పనులు ఎవరూ తీసుకోకపోతే కొన్ని గంటల్లో వాటంతట అవే చెరిగిపోవాలి, తెర దగ్గర ఎవరూ లేకపోతే ఒక నిమిషంలోపు లాగిన్ ముగిసిపోవాలి.

ఎవరు అన్నది తేలాక, ఎవరికి ఏది అన్నది నిర్ణయించాలి. రంగుల ముద్రణ ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే చాలా సంస్థల ఆలోచన ఆగిపోతుంది, ఎందుకంటే అది ఖర్చుకు సంబంధించినది. నన్ను అడిగితే ఎక్కువ ఆలోచించవలసింది స్కాన్ గురించి. ప్రింటర్ నుంచి ఎవరి ఈ-మెయిల్‌కైనా, ఏ పేరుతోనైనా స్కాన్ పంపగలిగితే, కాగితం రూపంలో ఉన్న ఏ పత్రమైనా రెండు నిమిషాల్లో బయటికి వెళ్లిపోతుంది, ఎవరు పంపారన్నది తెలియదు. లాగిన్ అయిన వ్యక్తి చిరునామా నుంచే మెయిల్ వెళ్లేలా, గ్రహీతలు సంస్థ చిరునామా పుస్తకంలోని వారే అయ్యేలా కట్టడి చేయడం చాలా యంత్రాల్లో సాధ్యమే. ఫోల్డర్‌కు స్కాన్ పంపే చోట మరో పాత అలవాటు కనిపిస్తుంది. అందరి స్కాన్లూ ఒకే ఫోల్డర్‌లో పడతాయి, ఆ ఫోల్డర్ అందరికీ తెరిచి ఉంటుంది. ఒకరి ఆస్తి పత్రాలు, మరొకరి ఆరోగ్య పత్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఎవరి స్కాన్ వారి ఫోల్డర్‌కే వెళ్లేలా పెట్టాలి. ఇంకొక సంగతి: నెట్‌వర్క్‌లో ఫోల్డర్లను పంచుకునే ఎస్ఎంబీ విధానం మొదటి వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ 2017 చివరి నుంచి విండోస్ 10 కొత్త ఇన్‌స్టలేషన్లలో మామూలుగా ఇవ్వడం మానేసింది. అదే ఏడాది మే నెలలో, ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వ్యాపించింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. అయినా పాత యంత్రానికి స్కాన్ ఆగిపోయిందని, ఫైల్ సర్వర్‌లో ఆ పాత వెర్షన్‌ను మళ్లీ ఆన్ చేసే కార్యాలయాలు ఉన్నాయి. ఒక స్కానర్ కోసం సర్వర్ మొత్తాన్ని ప్రమాదంలో పెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

గుర్తింపు ఏర్పాటుతోపాటు వచ్చే లాగ్‌ల గురించి ఉద్యోగుల పక్షాన ఒక మాట చెప్పడం న్యాయం. ఎవరు, ఎప్పుడు, ఎన్ని పేజీలు, ఏ పేరు గల ఫైల్ ముద్రించారన్నది ఇకపై నమోదవుతుంది. పత్రం బయటపడినప్పుడు విచారణకు ఆ నమోదు అవసరమే, యంత్రం చెరిపేయక ముందే దాన్ని వేరే సర్వర్‌కు పంపి భద్రపరచడమూ అవసరమే. అయితే ఫైల్ పేరు ఒక్కటే ఎంతో చెప్పేస్తుంది. "రాజీనామా" అనో, ఏదో జబ్బు పేరుతోనో ఉన్న ఫైల్ ముద్రిస్తే అది లాగ్ చూడగలిగిన ప్రతివారికీ తెలుస్తుంది. చాలా యంత్రాలు అదే పేరును ఆగి ఉన్న పనుల జాబితాలో తెర మీద కూడా చూపిస్తాయి. ఇతరుల పనుల పేర్లను చుక్కలతో దాచే అమరిక ఉన్న యంత్రాల్లో దాన్ని ఆన్ చేయాలి. లాగ్‌లు చూసే హక్కు ఒకరిద్దరికే ఉండాలి, వాటిని ఎన్నాళ్లు ఉంచుతారో ఉద్యోగులకు ముందే చెప్పాలి.

ఏర్పాటు పూర్తయిందని సంతకం పెట్టే ముందు దాన్ని పరీక్షించి చూడడం అరుదుగా జరుగుతోంది. లాగిన్ అయినవారికి ప్రింట్ వస్తోందా అని చూస్తారు కానీ, రాకూడనివారికి రావడం లేదా అని చూడరు. డైరెక్టరీలో లేని ఒక ల్యాప్‌టాప్‌ను కార్యాలయం నెట్‌వర్క్‌కు తగిలించి, ప్రింటర్ 9100 పోర్టుకు నేరుగా ఒక చిన్న అక్షరాల ఫైల్ పంపి చూడాలి. కాగితం బయటికి వస్తే పని పూర్తికానట్టే. అదే ల్యాప్‌టాప్ నుంచి వెబ్ పేజీ తెరుచుకుంటోందా, అతిథుల వై-ఫై నుంచి ప్రింటర్ కనిపిస్తోందా, నిన్న ఆపేసిన ఖాతాతో తెర మీద లాగిన్ అవుతోందా అన్నవీ చూడాలి. ఈ చివరిది ముఖ్యం, ఎందుకంటే కొన్ని యంత్రాలు పాత లాగిన్ వివరాలను కొంతకాలం తమలోనే దాచుకుంటాయి. డైరెక్టరీ సర్వర్‌ను కాసేపు అందకుండా చేసి కూడా చూడాలి. సర్వర్ అందనప్పుడు అందరినీ లోపలికి వదిలేసే యంత్రమైతే ఆ అమరిక మార్చాలి. అందరినీ ఆపేసే యంత్రమైతే, అత్యవసరంలో వాడుకునే ఒక స్థానిక నిర్వాహక ఖాతా సిద్ధంగా ఉండాలి. ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ, సర్వీసు మెకానిక్ వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఈ పరీక్షను మళ్లీ చేయడం మంచిది. మదర్‌బోర్డు మార్చాక యంత్రం తయారీదారు ఇచ్చిన అమరికలకు తిరిగిపోయి, అన్ని పోర్టులూ తెరుచుకుని ఉండడం జరిగే పనే.

ఇవన్నీ పెడితే పని ఆలస్యమవుతుందన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. రోగి రిపోర్టు కోసం నిలబడ్డ నర్సుకు, గంట కొట్టే ముందు ప్రశ్నపత్రాలు తీసుకోవలసిన ఉపాధ్యాయురాలికి, పొడవైన పాస్‌వర్డ్‌ను చిన్న తెర మీద ఒక్కో అక్షరం నొక్కమనడం అన్యాయమే. అలా చేస్తే వారంలోపు ఒకే పాస్‌వర్డ్‌ను అందరూ పంచుకుంటారు, లేదా లాగిన్‌ను తీసేయమని పైనుంచి ఆదేశం వస్తుంది. కార్డు రీడరుకు అయ్యే ఖర్చును భద్రత ఖర్చుగా కాక, ఆ ఉద్యోగుల సమయానికి పెట్టే ఖర్చుగా చూడాలి. అలాగే చక్రాల కుర్చీలో ఉన్నవారికి కార్డు రీడరు అందే ఎత్తులో ఉందా, చూపు తక్కువగా ఉన్నవారు తెరను వాడగలుగుతున్నారా అన్నది ముందే చూసుకోవాలి. మొదట ఒక విభాగంలో అమర్చి, అక్కడి ఇబ్బందులు సరిచేసి, తర్వాత మిగతా విభాగాలకు తీసుకువెళ్లిన చోట్ల ఈ ఏర్పాట్లు నిలబడ్డాయి. ఒకే రాత్రి అన్నిచోట్లా ఆన్ చేసిన చోట నిలబడలేదు.

చివరిగా, యంత్రం కార్యాలయం వదిలి వెళ్లే రోజు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ, అద్దెకు తెచ్చిన ఫొటోకాపీ యంత్రాలను వాటి హార్డ్‌డిస్కులు చెరపకుండానే తిరిగి ఇచ్చేసింది. 2010లో ఒక టెలివిజన్ వార్తా సంస్థ ఆ యంత్రాలలో ఒకదాన్ని కొని చూస్తే రోగుల వివరాలు దొరికాయి. 3,44,579 మంది వరకు వివరాలు బయటపడి ఉండవచ్చని తేలిన ఈ వ్యవహారంలో ఆ సంస్థ 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. వాడుతున్నంత కాలం ఎంత గట్టి లాగిన్ ఉన్నా, డిస్కు ఎన్‌క్రిప్ట్ కాకపోతే, వెళ్లేటప్పుడు చెరపకపోతే ప్రయోజనం ఉండదు. డిస్కుతోపాటు చిరునామా పుస్తకం, సర్టిఫికెట్, డైరెక్టరీ ఖాతా పాస్‌వర్డ్ కూడా యంత్రంలోనే ఉంటాయి. వాటినీ తుడిచి, ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను డైరెక్టరీలో మార్చాకే యంత్రాన్ని వాహనంలోకి ఎక్కనివ్వాలి.

ఇందులో చాలా అమరికలు ఇప్పటికే వాడుతున్న యంత్రాల్లోనే ఉన్నాయి, అదనపు ఖర్చు లేకుండా ఆన్ చేసుకోగలిగినవే. కొత్తగా కొనేవారు, అద్దెకు తీసుకునేవారు మాత్రం ధర అడగడానికి ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోవాలని కోరుతున్నాను: గుర్తింపు లేని ప్రింట్ పనులను పూర్తిగా తిరస్కరించగలదా, డిస్కు ఎన్‌క్రిప్ట్ అవుతుందా, ఫర్మ్‌వేర్ సవరణలు ఎన్నేళ్లు ఇస్తారు, తిరిగి ఇచ్చేటప్పుడు డిస్కు చెరిపినట్టు ధ్రువపత్రం ఇస్తారా. ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వని సరఫరాదారును, ధర ఎంత తక్కువైనా, పక్కన పెట్టమని కొనుగోలు కమిటీల సభ్యులైన మీ పాఠకులకు నా మనవి.

భవదీయుడు,
ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు